ఏనుమాముల కాంటా చిట్టీ

చలికాలంలో వరంగల్‌కు వచ్చేవారు కోటను, వేయిస్తంభాల గుడిని చూసి మరలిపోతారు. ఏనుమాముల మార్కెట్‌ను కూడా చూడమని మేము చెబుతుంటాము. పత్తి, మిర్చి వచ్చే రోజుల్లో అక్కడ ట్రాక్టర్లు బారులు తీరుతాయి. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాటా మిర్చి కూడా ఈ ప్రాంతపు పంటే.

మా దృష్టిని ఎక్కువగా ఆకర్షించేది బండ్లను తూచే కాంటా. అది ఇచ్చే చిట్టీలో మూడు అంకెలుంటాయి: సరుకుతో బండి బరువు, ఖాళీ బండి బరువు, సరుకు బరువు. రైతు చూపు మూడవ దానిపైనే నిలుస్తుంది. ఏడాది కష్టం అందులోనే ఉంది కదా! కాని రహదారిపై ప్రాణాలకు సంబంధించినది మొదటి అంకె. దానిని చదివేవారు అరుదు.

కంటి అంచనా ఇక్కడ పనికిరాదు. కొండలా పొంగిన పత్తి ట్రాలీ కంటే, అంచు దాటని ధాన్యపు ట్రాలీ ఎక్కువ బరువుండవచ్చు. ట్రాలీకి విడిగా ఉండే రిజిస్ట్రేషన్ పత్రంలో ఖాళీ బరువు, అనుమతించిన మొత్తం బరువు రెండూ ఉంటాయి. ఉదాహరణకు మొత్తం 4,000 కిలోలు, ఖాళీ 1,200 అయితే మిగిలేది 2,800. అంటే యాభై కిలోల బస్తాలు 56. అంతకు మించితే చట్టం ప్రకారం 20,000 రూపాయల జరిమానా, అదనపు టన్నుకు మరో 2,000.

అంతటితో లెక్క ముగియదు. రెండు చక్రాల ట్రాలీ తన బరువులో కొంత ట్రాక్టర్ హుక్కుపై మోపుతుంది. బస్తాలన్నీ ముందుకు పేరిస్తే ట్రాక్టర్ ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు. వెనక్కి పేరిస్తే హుక్కు పైకి లేస్తుంది. ఇరుసుకు కొద్దిగా ముందువైపు బరువు ఉండేలా సర్దడం అనుభవజ్ఞులైన హమాలీలకు తెలుసు.

మా మదరసాకు బియ్యం తెచ్చుకునే రోజున, బస్తాలపై పదిమంది పిల్లలు కూర్చుంటే ఏమవుతుందని డ్రైవరు అడిగాడు. మనిషికి ముప్పై కిలోలనుకున్నా మూడు వందలు, అంటే ఆరు బస్తాలు. పైగా ఆ బరువు ఎత్తున ఉంటుంది, మలుపులో పక్కకు లాగుతుంది. బస్తాలను మలుపులో జారకుండా తాళ్ళతో కట్టవచ్చు, పిల్లలను కట్టలేము. సరుకు బండిలో మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధం కూడా. పిల్లలను బస్సులో పంపాము. ఛార్జీలు బియ్యం ఖర్చులో రాశాము.