గట్టెక్కాక వచ్చిన కష్టం

2021 మే నెలలో మా తమ్ముడు కోవిడ్‌తో పోయాడు. బెడ్డు కోసం ఫోన్లు, ఆక్సిజన్ సిలిండర్ కోసం లోతుకుంట నుంచి జీడిమెట్ల దాకా బండి మీద తిరగడం, రెమ్‌డెసివిర్ కోసం మందుల షాపుల ముందు పడిగాపులు, అన్నీ నేనే. వాడు పోయాక అంత్యక్రియలు, డెత్ సర్టిఫికెట్, మరదలి పేరు మీదికి బ్యాంకు ఖాతా మార్చడం, ఇన్సూరెన్స్ క్లెయిము కూడా నేనే చూసుకున్నాను. ఎక్కడా కంటతడి పెట్టలేదు. "పెద్దోడు గట్టోడు, అందుకే తట్టుకున్నడు" అని పాత అల్వాల్‌లో చుట్టాలంతా మెచ్చుకున్నారు. నేనూ అదే నమ్మాను.

ఆపద నెత్తిన పడ్డప్పుడు చేతిలో పని ఉండటం మేలే. మనిషి కూలిపోకుండా అది ఆపుతుంది. నేను పొరబడింది ఆ తర్వాత. కాగితాల పనులు ముగిసి, పరామర్శ ఫోన్లు ఆగిపోయాక ఇల్లు ఒక్కసారి బోసిపోయింది. అది భరించలేక కొత్త పనులు నెత్తికెత్తుకున్నాను. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగిరీ, బోరు రిపేరు, లిఫ్టు వాళ్లతో పంచాయితీ, ఆఫీసులో పక్కవాడి ఫైళ్లు కూడా. ఖాళీగా కూర్చోవడానికి భయపడుతున్నానని ఒప్పుకోవడం ఇష్టంలేక, దానికి బాధ్యత అని పేరు పెట్టుకున్నాను.

తమ్ముడి కోసం కొన్న ఆక్సీమీటరు నా చొక్కా జేబులోనే ఉండిపోయింది. అల్వాల్‌లో ఐజీ విగ్రహం దగ్గర ట్రాఫిక్‌లో బండి ఆగితే చాలు, వేలికి తగిలించుకునేవాణ్ణి. 98 చూపించేది. బ్యాటరీలు వీకయ్యాయేమోనని కొత్తవి వేసి మళ్లీ చూసేవాణ్ణి. మళ్లీ 98. అయినా నమ్మకం కుదిరేది కాదు. ఇంట్లో ఎవరూ చూడకుండా బాత్రూంలోకి తీసుకెళ్లి మరీ చూసుకునేవాణ్ణి.

ఒక రాత్రి ఉన్నట్టుండి గుండె దడదడలాడింది. ఒళ్లంతా చెమట, వేళ్లు తిమ్మిరి, ఊపిరి అందడం లేదు. హార్ట్ ఎటాకే అనుకుని ఎమర్జెన్సీకి పరుగెత్తాం. ఈసీజీ, రక్తపరీక్ష అన్నీ నార్మల్. గ్యాస్ అయ్యుంటుందని పంపించేశారు. మళ్లీ వచ్చింది. ఈసారి వేరే డాక్టరు, ఎకో, ట్రెడ్‌మిల్ పరీక్ష. అన్నీ బాగానే ఉన్నాయంటే సంతోషించాల్సింది పోయి, డాక్టర్లకు దొరకని పెద్ద జబ్బేదో ఉందని భయపడ్డాను. చివరికి మేం ఎప్పుడూ వెళ్లే ఫిజీషియన్ రిపోర్టులు పక్కన పెట్టి, "నిద్ర ఎలా ఉంది సార్? ఈ మధ్య ఇంట్లో ఎవరైనా పోయారా?" అని అడిగారు. సైకియాట్రిస్టుకు చీటీ రాసిచ్చారు.

నాకు ఒళ్లు మండింది. అక్కడ మానసిక వైద్యశాల ఉన్నందుకు, మన హైదరాబాద్‌లో ఎర్రగడ్డ అంటే ఊరి పేరు కాదు, తిట్టు. చిన్నప్పుడు ఎంతమందిని నేనే ఆ మాట అని ఏడిపించానో. ఆ చీటీ నెలల తరబడి బీరువాలో పడి ఉంది.

ఆ నెలల్లోనే నేను క్షమించుకోలేని పని ఒకటి చేశాను. అన్నం తింటూ మా అమ్మాయి బాబాయిని తలుచుకుని ఏడ్చింది. "ఏడిస్తే తిరిగొస్తాడా? ధైర్యంగా ఉండాలి" అని గద్దించాను. అప్పటి నుంచి నా ముందు ఆ పేరెత్తలేదు. రోజూ డాబా మీదికెళ్లి పిన్నితో ఫోన్లో మాట్లాడి ఏడ్చి వస్తోందని మా ఆవిడ చాన్నాళ్లకు చెప్పింది. నాకు చేతకాని పనిని ఆ పిల్ల సవ్యంగా చేసుకుంటుంటే నేను అడ్డుపడ్డాను.

ఎట్టకేలకు సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లాను. నాకు వచ్చింది పానిక్ ఎటాక్ అన్నారు. సాధారణంగా అది పది నిమిషాల్లోపే తారస్థాయికి చేరి, తర్వాత తగ్గుముఖం పడుతుందట. ప్రాణం తీయదట. ఆ సంగతి తెలియడమే సగం మందైంది. రాసిచ్చిన మాత్రలు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుందని, చెప్పకుండా మానొద్దని కూడా చెప్పారు. నేను విన్నానా? కాస్త నిద్ర పట్టగానే మానేశాను. తల తిరుగుడు, చిరాకు, మళ్లీ అదే దడ. తలొంచుకుని మళ్లీ వెళ్లాను.

నాలాంటివాళ్లు కోకొల్లలు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో పెద్దవాళ్లలో దాదాపు పదిమందిలో ఒకరికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. జబ్బును బట్టి వాళ్లలో నూటికి 70 నుంచి 90 మందికి పైగా వైద్యం అందడం లేదని అదే సర్వే తేల్చింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం శరీర జబ్బులకిచ్చినట్టే వీటికీ ఇన్సూరెన్స్ ఇవ్వాలన్న విషయం కూడా నాకు అప్పటిదాకా తెలియదు. 2022 అక్టోబర్ 10న కేంద్రం టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ మొదలుపెట్టింది. 14416కి పగలూ రాత్రీ ఎప్పుడు ఫోన్ చేసినా ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు. ప్లంబర్ నంబరు సేవ్ చేసుకున్నట్టే ఇదీ ఇప్పుడు నా ఫోన్లో ఉంది.

నేను మార్చుకున్నవి చిన్నవే. పొద్దున్నే ఫోన్ ఇంట్లో వదిలి చెరువు వైపు నడక. నిద్ర పట్టకపోతే మంచం మీద దొర్లకుండా లేచి హాల్లో కూర్చోవడం. ఆదివారం మరదలి ఇంటికెళ్లి తమ్ముడి గురించి, వాడి అప్పులతో సహా, మాట్లాడుకోవడం. సెక్రటరీ పదవి వదిలేశాను.

తర్వాత అమ్మ జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్. ఈసారీ పరుగులు తప్పలేదు. కానీ రాత్రిళ్లు ఆస్పత్రిలో ఒక్కణ్ణే కూర్చోలేదు, మా ఆవిడా నేనూ వంతులేసుకున్నాం. ఆపరేషన్ థియేటర్ బయట అమ్మాయితో "నాకు భయంగా ఉందిరా" అన్నాను. "నాక్కూడా నాన్నా" అంది. ఇద్దరం క్యాంటీన్‌కెళ్లి టీ తాగాం. అమ్మ క్షేమంగా ఇల్లు చేరిన వారమే సెలవు పెట్టాను. "ఇప్పుడెందుకండీ సెలవు? అంతా అయిపోయిందిగా?" అన్నారు ఆఫీసులో.

అయిపోయింది కాబట్టే అన్నాను.