బీరువాలో కలరా ఉండలు

మీ ఇంట్లో బట్టల బీరువా తలుపు తీసి చూడండి. గుప్పుమని ముక్కుకు తగిలే ఆ వాసన మనలో చాలామందికి చిన్ననాటి నుంచీ పరిచయమే. పట్టుచీరల మడతల్లో, శాలువాల మధ్య, ట్రంకుపెట్టె అడుగున, ఆఖరికి చేతులు కడుక్కునే సింకులో కూడా ఆ తెల్లటి గోళీలు వేసి ఉంచుతాము. కలరా ఉండలని పేరే గాని, కలరాకూ వాటికీ ఏ సంబంధమూ లేదు. కలరా కలుషితమైన నీటితో వచ్చే జబ్బు. ఘాటు వాసనకు జడిసి పారిపోదు.

ఈ ఉండల్లో ఉండేది చాలావరకు నాఫ్తలీన్. బొగ్గు తారు నుంచి తీస్తారు. ఇది కరిగి నీరు కాకుండానే ఆవిరైపోతుంది. కొన్నాళ్లకు ఉండ చిక్కి శనగగింజంత అవుతుంది. తరిగిన భాగం ఎక్కడికి పోయింది? కొంత బట్టల్లోకి, కొంత గది గాలిలోకి, అక్కడినుంచి మన ఊపిరితిత్తుల్లోకి. గట్టిగా మూసిన పెట్టెలో ఆవిరి చిక్కబడితే ఉన్నినీ పట్టునూ తినే పురుగు చస్తుంది, నిజమే. కాని సింకులో వేసిన ఉండ ఒక దుర్వాసనను మరో వాసనతో కప్పుతుంది, అంతే.

పెద్దవాళ్లకు తలనొప్పి, వికారంతో సరిపోవచ్చు. నా భయమంతా పసిబిడ్డల గురించి. మా ఆసుపత్రికి ఒకసారి ఐదు రోజుల మగబిడ్డను తీసుకొచ్చారు. ఒళ్లంతా పసుపు, పాలు తాగడం లేదు. బిడ్డను చుట్టిన ఉన్ని శాలువా దగ్గరికి వంగితే బీరువా వాసన.

“ఇది ఎక్కడిదమ్మా?” అని అడిగాను.

“పెద్దమనవడిది బాబూ. పదిలంగా దాచి, మొన్ననే పెట్టెలోంచి తీశాను” అన్నది అమ్మమ్మ.

ఆ బిడ్డకు జి-6-పి-డి అనే ఎంజైము లోపం ఉన్నట్టు తరువాత పరీక్షలో తేలింది. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము అది. అది తక్కువైన వారిలో నాఫ్తలీన్ తగిలితే రక్తకణాలు పగిలిపోతాయి, కామెర్లు ముదురుతాయి. నవజాత శిశువుల్లో ఆ పసుపు మెదడుకెక్కితే ప్రాణాపాయం, లేదా జీవితాంతం అవిటితనం. ఈ లోపం మగపిల్లల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. పైకి చూస్తే తెలియదు. ఆ బిడ్డకు రక్తం మార్చవలసి వచ్చింది, బతికి బట్టకట్టాడు. అమ్మమ్మను మాత్రం ఎవరూ ఒక్క మాట అనవద్దని గట్టిగా చెప్పాను. ప్రేమతో దాచిన శాలువా అది.

కనుక పురిటి గదిలోకి ఈ ఉండలు రానీయకండి. దాచిన బట్టలు ఉతికి, రెండు మూడు రోజులు ఎండలో ఆరవేసి, వాసన పూర్తిగా పోయాకే వాడండి. నూనె రాసిన ఒంటికి ఇది మరింత త్వరగా ఇంకుతుంది. ఉన్ని, పట్టు బట్టలు శుభ్రంగా ఉతికి, తడి లేకుండా ఆరబెట్టి, మూత బిగుతుగా ఉన్న పెట్టెలో పెడితే చాలావరకు పురుగు చేరదు. మధ్యమధ్య తీసి ఎండకు దులపండి. నూలు బట్టలకు ఉండలెందుకు?

పిల్లవాడు చాక్లెట్టనుకుని ఉండ మింగితే ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించకండి. పాలు, నెయ్యి అసలే వద్దు. కొవ్వుతో విషం త్వరగా ఒంటికి పడుతుంది. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, మిగిలిన ఉండనూ పొట్లాన్నీ వెంట తీసుకెళ్లండి. కర్పూరం మింగినా ప్రమాదమే, దానితో మూర్ఛలు నిమిషాల్లోనే రావచ్చు. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి గాని, కర్పూరం నీటిలో తేలుతుంది, నాఫ్తలీన్ మునుగుతుంది. నాఫ్తలీన్ అయితే మొదటి రోజు పిల్లవాడు ఆడుకుంటూనే ఉండవచ్చు. ఒకటి రెండు రోజులు గడిచాక మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం, పెదవులు పాలిపోవడం కనబడతాయి. డాక్టరు ఇంటికి పంపినా కనీసం ఐదు రోజులు మూత్రం రంగు చూస్తూ ఉండండి.