చక్రాల ఇల్లు

అరక్కోణం రైళ్ల ఊరు. 1856వ సంవత్సరంలో మద్రాసు రాయపురం నుండి వాలాజా రోడ్డు వరకు దక్షిణ భారతదేశపు మొదటి ప్రయాణికుల రైలుమార్గం తెరిచినప్పుడు, అది ఈ ఊరి మీదుగానే సాగింది. ఆ ఊరిలో ఒక పెద్దాయన ఉన్నారు. గూడ్సు బండి గార్డుగా ముప్పై అయిదేళ్లు పనిచేసి పదవీ విరమణ పొందారు. బండి చివర ఉండే బ్రేకు వ్యానే ఆయనకు సగం జీవితం ఇల్లు.

"ఎన్నో ఊళ్లు దాటాను గాని, ఒక్క ఊళ్లోనూ దిగి చూడలేదు" అని ఆయన తరచు అనేవారు. ఆయన భార్యకు చక్కెర జబ్బు. బయటి తిండి పడదు. అందుచేత వంట చేసుకొని, పడుకొని, తీరికగా ఊళ్లు తిరగడానికి వీలైన బండి ఒకటి కొనాలని ఇద్దరూ అనుకున్నారు.

వ్యానులోనే మంచం, పొయ్యి, నీళ్ల తొట్టి అమర్చుకొని ప్రయాణించడం ఐరోపా, అమెరికా దేశాలలో చాలాకాలంగా ఉన్నది. మన పొరుగున కేరళ ప్రభుత్వం కూడ 2021లో ఇటువంటి బండ్లలో పర్యటనలను ప్రోత్సహించే విధానాన్ని ప్రకటించింది. కాని కొత్త బండి కొనడం పింఛనుదారుకు తలకు మించిన పని. కూతురి పెళ్లి పోగా మిగిలిన సొమ్ముతో ఆయన పాత బండి కోసం వెతికారు. వేలూరులో ఒకటి దొరికింది. పన్నెండేళ్ల బండి. మెరిసే నీలిరంగు, లోపల పూల తెరలు. చూడగానే ఆయన మనస్సు కరిగిపోయింది. బయానా ఇవ్వడానికి సిద్ధపడ్డారు.

"ఏమండీ, గుడియాత్తం అన్నయ్యను ఒకసారి చూడనియ్యండి" అన్నది భార్య.

"ఎద్దుల మనిషికి ఇంజను సంగతి ఏం తెలుస్తుంది?"

"ఇంజను సంగతి మెకానిక్కు చూస్తాడు. అమ్మేవారి సంగతి అన్నయ్య చూస్తాడు."

ఆ అన్నయ్య గుడియాత్తం దగ్గరి రైతు. వేలూరు దగ్గర పొయ్‌గైలో మంగళవారం జరిగే పశువుల సంతలో నలభై ఏళ్లుగా ఎద్దులను కొని అమ్మినవాడు. ఎరిగిన రైతు ఎద్దు రంగు చూసి మోసపోడు. నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఎద్దుకు పైన ముందు పళ్లు ఉండవు. కింద ఎనిమిది ఉంటాయి. పాలపళ్లు రాలి గట్టిపళ్లు జతజతగా వస్తాయి. వాటిని బట్టి వయస్సు తెలుస్తుంది. తరువాత నడిపించి చూస్తాడు, కాడి కట్టి చూస్తాడు.

బావగార్లిద్దరూ కాట్పాడి స్టేషనులో కలుసుకొని, ఒక మెకానిక్కును వెంటబెట్టుకొని, చెప్పిన వేళకంటె గంట ముందే వెళ్లారు. గుడియాత్తం పెద్దాయన ఏమీ మాట్లాడకుండా ఇంజను మూతపై అరచేయి పెట్టారు. వేడిగా ఉన్నది.

"తెల్లవారక ముందే ఎక్కడికైనా పోయి వచ్చావా, నాయనా?" అని అడిగారు. అమ్మే యువకుడు తల దించుకున్నాడు.

ఇంజను చల్లబడేదాకా అందరూ కాచుకున్నారు. అప్పుడు తాళంచెవి తిప్పితే నాలుగవసారికి గాని బండి కదలలేదు. మెకానిక్కు టైరు పక్కన అచ్చువేసిన నాలుగు అంకెలు చదివాడు. మొదటి రెండు అంకెలు టైరు తయారైన వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. టైర్లు అరగలేదు గాని, వాటి వయస్సు పదేళ్లు. పైకప్పు మీద రెండు బిందెల నీళ్లు పోయించగా మంచం మీద చుక్కలు పడ్డాయి. పరుపు ఎత్తి చూస్తే కింది చెక్క మెత్తబడి ఉన్నది.

తరువాత కాగితాలు చూశారు. ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు సరిపోయాయి. కాని బండి మీద తెచ్చిన అప్పు తీరినా, ఆ మాట ఆర్.సి.లో కొట్టివేయించలేదు. వ్యానును ఇల్లుగా మార్చిన సంగతి కూడ అందులో ఎక్కించలేదు. బండి రూపం మార్చితే రవాణా కార్యాలయం అనుమతి పొంది నమోదు చేయించాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం చెబుతున్నది.

యువకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇది మా నాయన బండి, అయ్యా. ఆయన ఉన్నంతకాలం బాగా చూసుకున్నారు. ఆయన పోయిన తరువాత నేను రంగు మాత్రం వేయించాను. లోపాలు చెబితే ఎవరూ కొనరని భయపడ్డాను."

గుడియాత్తం పెద్దాయన అతని భుజం తట్టారు. "దాచిన లోపానికి ధర కట్టలేము, నాయనా. చెప్పిన లోపానికి కట్టవచ్చు. తన్నే ఎద్దును కూడ సంతలో కొంటారు. కాని తన్నుతుందని ముందే చెప్పాలి."

మెకానిక్కు చేత బాగుచేయవలసినవన్నీ ఒక కాగితం మీద వ్రాయించారు. ఆ ఖర్చు తగ్గించి ధర తేల్చారు. ఆర్.సి.లోని రెండు లోపాలూ యువకుడే సరిచేయించాలని, అది చేతికి వచ్చిన తరువాతనే పూర్తి సొమ్ము ఇవ్వాలని ఒప్పుకున్నారు. అలాగే జరిగింది. కొన్నవారు ముప్పై రోజులలో పేరు మార్పుకు దరఖాస్తు చేయాలి. గార్డుగారు వారం లోపలే చేశారు.

మొదటి ప్రయాణం పుత్తూరుకు. రేణిగుంట మార్గంలో ఆయన ఎన్నోసార్లు దాటిపోయిన ఊరు అది. ఆ రాత్రి గట్టి వాన కురిసింది. భార్య ఉలిక్కిపడి లేచి చేత్తో పరుపు తడిమి చూసింది. పొడిగా ఉన్నది.

"ఎద్దుల మనిషికి ఇంజను సంగతి తెలియదన్నారు గదా?" అన్నది.

"నాకే తెలియలేదు" అని ఆయన నవ్వారు.

పాత వస్తువును కొనేవారు దానితో పాటు పాత యజమాని శ్రద్ధను గాని, అశ్రద్ధను గాని కొంటున్నారు. రంగు చూసి మురిసిపోక, అడిగి, తడిమి, ఓపికతో తెలుసుకోవాలి. అమ్మేవారు లోపం దాచకుండా చెబితే ధర కొంచెం తగ్గవచ్చు గాని, మాటకు విలువ తగ్గదు.