తాయ్‌చీ సాధనలో ఊహాశక్తి

వ్యాయామం దేహానికి సంబంధించినదనీ, కల్పన కవులకూ చిత్రకారులకూ చెందినదనీ మనలో పెక్కుమందికి ఒక అభిప్రాయమున్నది. కసరత్తు చేసేవాడు లెక్కపెట్టుకొంటాడు, కవి ఊహించుకొంటాడు. ఈ రెండింటికీ నడుమ గోడ కట్టి, ఒకదానిని ఆటస్థలానికీ మరొకదానిని తరగతి గదికీ అప్పగించి నిశ్చింతగా ఉన్నాము. ఆ గోడ అనవసరమని మాకు తెలియజెప్పినది చైనా దేశపు తాయ్‌చీ సాధన. అందుకు నిదర్శనం మాత్రం పలమనేరు పక్కనున్న మా గంగవరంలోనే, మా ఇంటి పంచలోనే లభించింది.

తాయ్‌చీ మొదట యుద్ధవిద్య. హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశీయుల గ్రామంలో అది తరతరాలుగా సాగుతూ వచ్చింది. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అక్కడ నేర్చుకొని బీజింగ్ నగరంలో బోధించాడు. ఆయన మనుమడైన యాంగ్ చెంగ్‌ఫూ (1883–1936) దానిని నెమ్మదిగా, మృదువుగా, అందరూ ఆచరించగల రీతిలో ప్రచారం చేశాడు. 1956లో చైనా ప్రభుత్వ క్రీడాశాఖ 24 కదలికల సంక్షిప్త రూపాన్ని ఏర్పరచింది. 2020లో యునెస్కో ఈ విద్యను మానవజాతి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ విద్యలో కదలికల పేర్లన్నీ చిత్రాలే. తెల్ల కొంగ రెక్కలు విప్పడం, అడవిగుర్రం జూలు పాయ తీయడం, కోతిని వెనుకకు తరమడం, సముద్రగర్భంలో సూదిని అందుకోవడం – ఇవన్నీ అందులోనివే. కండబలంతో గాక భావనతో కదలమని గురువులు మరీమరీ చెబుతారు. ఇదంతా కేవలం అలంకారమని తొలుత ఎవరికైనా తోచవచ్చును. కాని, ఆలోచించి చూడండి. భుజం దించు, మోచేయి వంచు, అరచేయి తిప్పు, మోకాలు సడలించు, వెన్ను నిలుపు అని ఐదు ఆజ్ఞలు ఒక్కసారిగా ఇస్తే మనిషి కొయ్యబొమ్మ అవుతాడు. అతనితోనే, పండిన గుమ్మడికాయను రెండు చేతుల నడుమ జారిపోకుండా పట్టుకో అని చెప్పండి. ఐదు పనులూ వాటంతట అవే జరిగిపోతాయి. దేహానికి వ్యాకరణసూత్రాల కంటె దృశ్యం త్వరగా అర్థమవుతుంది.

శాస్త్రజ్ఞులు కూడ ఈ విషయాన్ని పరీక్షించకపోలేదు. 1992లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు కొందరి చేత చిటికెనవేలి కండరానికి నాలుగు వారాల పాటు వ్యాయామం చేయించారు. మరికొందరి చేత వేలు కదపకుండానే, కదుపుతున్నట్లు గాఢంగా ఊహింపజేశారు. మొదటివారి బలం సుమారు 30 శాతం పెరిగింది. ఊహించిన వారి బలం సైతం 22 శాతం పెరిగింది. వేలిని కదిపినది కండరమే కావచ్చును. కాని ఆ కండరానికి ఆజ్ఞ ఇచ్చేది మనస్సు గదా!

ఇది మన ప్రాంతానికి పరాయి సంగతి కాదు. కర్రసాము సాధన చేసే యువకుడు ఎదుట ఎవరూ లేకున్నా ఉన్నట్లే భావించి కర్ర తిప్పుతాడు. ఆ ప్రత్యర్థి కంటికి కనిపించనినాడు సాము వట్టి కర్ర తిప్పడమే అవుతుంది. వృక్షాసనం, భుజంగాసనం అని మన పెద్దలు పేర్లు పెట్టినదీ ఇందుకేనని మా నమ్మకం.

ఉద్యోగరీత్యా బెంగుళూరులో ఉన్న కాలంలో మేము తాయ్‌చీని కొంత నేర్చుకొన్నాము. గంగవరానికి తిరిగి వచ్చేసరికి మా అవ్వ ఇంట్లో జారిపడి మూడు నెలలైంది. ఎముక అతికింది, భయం మాత్రం అతుక్కొని పోయింది. గోడ పట్టుకొననిదే అడుగు వేసేది కాదు. వాకిలి దాటడం మానుకొన్నది. ఎదురింటి వారు పలకరించినా కిటికీ నుండే జవాబు. వృద్ధులు ఒకసారి పడితే కాలు కంటె ముందుగా లోకం కుంచించుకొని పోతుందని మాకప్పుడు అర్థమైంది. తాయ్‌చీ వల్ల వృద్ధులు పడిపోయే సందర్భాలు దాదాపు ఐదవ వంతు తగ్గవచ్చునని 2019లో వెలువడిన కొక్రేన్ సమీక్ష చెబుతున్నది. వైద్యుని అనుమతితో, పక్కన కుర్చీ ఉంచి, ఆమెకు కొన్ని కదలికలు నేర్పడానికి పూనుకొన్నాము.

కొంగ రెక్కలన్నాము. అవ్వ నవ్వింది. గుర్రం జూలన్నాము. గుర్రాన్ని తాకి ఎరుగనన్నది. చేతులు లేచాయి గాని వాటిలో ప్రాణం లేదు. అప్పుడు తాయ్‌చీలోని మరొక పోలిక చెప్పాము. గూటి నుండి పట్టు తీసినట్లు కదలాలని ఆ విద్యలో ఒక ప్రాచీన ఉపదేశమున్నది.

పట్టు అనగానే అవ్వ ముఖం మారింది. మల్బరీ తోటలూ పట్టుగూళ్ళూ మా ప్రాంతపు జీవనాధారాలలో ఒకటి. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లెలో మగ్గాల మీద పట్టుచీరలు నేస్తారు. ఆ మగ్గానికి చేరక ముందు దారాన్ని గూటి నుండి తీయాలి. అవ్వ యౌవనమంతా ఆ పనిలోనే గడచింది. గూళ్ళను వేడినీటిలో ఉడికిస్తే సెరిసిన్ అనే జిగురు సడలుతుంది. పైనున్న పీచును ఎత్తి లాగుతూ పోతే ఒక్కొక్క గూటికి ఒక్కొక్క నికరమైన పోగు దొరుకుతుంది. ఒక మంచి గూటిలో వేయి మీటర్ల వరకు తెగని పోగుంటుంది. అలాంటి కొన్ని పోగులు కలిస్తేనే ఒక దారం. తొందరపడితే తెగుతుంది, జాగు చేస్తే చిక్కుపడుతుంది.

అవ్వ కుడిచేయి ముందుకు సాచి, లేని పోగును పట్టుకొని, తనవైపు తీసుకొన్నది. చేయి వెనుకకు వస్తూ ఉంటే నడుము తిరిగింది. నడుముతో పాటు బరువు ఒక పాదం నుండి మరొక పాదానికి నీరు ఒంపినట్లు జారింది. మేము నెలల తరబడి సాధించినది ఆమెకు క్షణంలో వచ్చింది. "దారం తెగితే మళ్ళీ కొస ఎతకల్ల గదా నాయనా!" అన్నది.

అంతటితో ఆగలేదు. ఒక గూడు అయిపోయేదాకా కూర్చోకూడదనీ, అది పలచబడుతుండగానే మరొక గూటి కొస అందించాలనీ, అప్పుడే దారం సమంగా వస్తుందనీ వివరించింది. తాయ్‌చీలో ఒక కదలిక ముగియక ముందే తరువాతిది మొదలు కావాలంటారు. ఆ సూత్రాన్ని మేము విన్నాము. దాని కారణాన్ని మాత్రం అవ్వ వద్దనే నేర్చుకొన్నాము. అప్పటినుండి ప్రతి ఉదయం పది నిమిషాలు మేమిద్దరం పట్టు తీస్తున్నాము. మోకాలి నొప్పి పోలేదు. అయితే ఆమె గోడను వదలి ఎదురింటి దాకా వెళ్ళి వస్తున్నది.

సృజన అంటే ఇష్టం వచ్చినట్లు చేయడమా అని విద్యార్థి మిత్రులు అడుగవచ్చును. కాదు. బరువు మారే క్రమం మార్చరాదు, వెన్ను వంకర పోరాదు. మార్చదగినది భావచిత్రం. సముద్రం చూడని వారు సూదికి బదులు బావిలో పడిన చేదను పాతాళగరిగెతో వెదకుతున్నట్లు భావించవచ్చును. నడుము అదే విధంగా వంగుతుంది, చూపు అదే విధంగా దిగుతుంది. తెలుగు పద్యానికి యతిప్రాసలున్నాయి, ఉర్దూ గజల్‌కు కాఫియా రదీఫ్‌లున్నాయి. ఆ కట్టుబాట్లు కవి ఊహను బంధించలేదు, నిలబెట్టాయి. రెండు భాషల సాహిత్యం చదివే మన కళాశాలలో ఈ మాట వేరుగా చెప్పనక్కరలేదు.

మదనపల్లెలో 1895లో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, యాంత్రికమైన అభ్యాసం మనస్సును మొద్దుబారుస్తుందని జీవితాంతం హెచ్చరించారు. ఆయన స్వయంగా ఆసనాలు వేసేవారు. ఇందులో వైరుధ్యం లేదు. మనస్సు హాజరైన చోట అదే కదలిక ప్రతిదినం కొత్తది. మనస్సు గైర్హాజరైన చోట కొత్త కదలిక సైతం పాతదే.

కావున కళాశాల యాజమాన్యానికి మాదొక విన్నపం. వ్యాయామ కాలంలో పది నిమిషాలు ఇలాంటి సాధనకు కేటాయించండి. ఖర్చు లేదు, పరికరం లేదు. చెట్టు నీడ చాలును. విద్యార్థులారా! కదలికల క్రమం తెలిసినవారి వద్ద నేర్చుకోండి, పోలికను మాత్రం మీ ఇంట వెదకండి. కుమ్మరి సారె, నేతగాని నాడె, అమ్మ రొట్టె తట్టే చేయి – ఏ పనిలో ఎంత ఒడుపు దాగి ఉన్నదో ఆ పని చేసిన పెద్దలను అడిగి తెలుసుకోండి. వారు చెప్పగలిగినప్పుడే అడగండి.