గట్టు మీద విదేశం

బీఎస్ఎఫ్‌లో ఉత్తరాంధ్ర వాళ్లు కనబడని బెటాలియన్ అరుదు. నాది విజయనగరం జిల్లా. పశ్చిమ బెంగాల్‌లోని కూచ్‌బిహార్‌కి పోస్టింగు వచ్చిన కొత్తలో, దిన్‌హాటా దగ్గర జనపనార కుళ్లబెట్టిన వాసన తగిలి మా ఊరి గోగునార చెరువు గుర్తొచ్చింది. ఒక పొలం గట్టు మీద కాసేపు కూలబడ్డాను. మాతో ఉన్న శ్రీకాకుళం హెడ్ కానిస్టేబుల్ అన్నాడు: "లెగు తమ్ముడూ. నువ్వు కూకున్నది బంగ్లాదేశ్‌లో."

కంచె చూస్తే ఎక్కడో ఉంది. చుట్టూ అన్ని వైపులా ఇండియానే. మధ్యలో నాలుగు పొలాలు, వెదురు తోపు, రేకుల ఇళ్లు మాత్రం పరదేశం. వీటిని అక్కడ ఛిట్‌మహల్ అంటారు. ఇలా అప్పట్లో మన వైపు ఉన్న బంగ్లాదేశ్ ముక్కలు 51, వాళ్ల వైపు ఉన్న మన ముక్కలు 111. కూచ్‌బిహార్ రాజు, రంగపూర్ నవాబు చదరంగంలో ఊళ్లు ఒడ్డి ఆడారనే కథ కొత్తగా వచ్చిన ప్రతి జవానుకీ చెబుతారు. వినడానికి బాగుంటుంది, నేను నమ్మలేదు. మొఘలులకీ కోచ్ రాజులకీ జరిగిన యుద్ధాల తర్వాత ఎవరి చేతిలో ఉన్న భూమి వాళ్లకి మిగిలిపోయింది, అంతే. 1947లో రంగపూర్ పాకిస్తాన్‌లోకి పోయింది, 1949లో కూచ్‌బిహార్ మన దేశంలో కలిసింది. ఆ ముక్కలు చిక్కుకుపోయాయి.

మా గస్తీ దారికి దగ్గరలో మశాల్‌డాంగా ఉండేది. కరెంటు తీగ ఊరి పొలిమేర దాకా వచ్చి పక్క నుంచి వెళ్లిపోయేది. దొంగతనం జరిగితే మన పోలీసులు అడుగుపెట్టలేరు, బంగ్లాదేశ్ పోలీసులు మన నేల దాటి రాలేరు. నాకు బాగా పరిచయమైన ఒక ముసలాయన ఉండేవాడు, చాచా అనేవాణ్ణి. ఆయన మనవడి బడి రిజిస్టర్లో తండ్రి పేరు దగ్గర పక్క ఊరి భారతీయుడి పేరుంది. పురిటికి ఆసుపత్రికి వెళ్లే ఆడవాళ్లూ అంతే, ఎవరో ఒకరిని భర్తగా రాయించుకోవాలి. "ఇంట్లో ఒక తండ్రి, కాగితంలో ఒక తండ్రి," అని చాచా నవ్వుతూనే చెప్పాడు. నాకు నవ్వు రాలేదు.

ఇదంతా సర్దడానికి, ముక్కల్ని మార్చుకునే ఒప్పందం మీద ఇందిరాగాంధీ, షేక్ ముజీబుర్ రెహ్మాన్ 1974 మే 16న సంతకాలు చేశారు. బంగ్లాదేశ్ పార్లమెంటు ఆ ఏడాదే ఒప్పుకుంది. మన దగ్గర ఆగిపోయింది. దేశం భూమి ఇంకో దేశానికి ఇవ్వాలంటే రాజ్యాంగాన్ని సవరించాల్సిందేనని బేరుబాడీ వ్యవహారంలో సుప్రీంకోర్టు 1960లోనే చెప్పింది. ఆ సవరణకి ఓట్లు కూడగట్టే ఓపిక ఏ ప్రభుత్వానికీ లేకపోయింది. పది వేల ఎకరాలు పోగొట్టుకుంటున్నామని గోల చేసిన వాళ్లని విన్నాను. ఆ ఎకరాల్లో మన తహసీల్దారు ఏనాడైనా కాలు పెట్టాడా? 2011లో ఢాకాలో ఇంకో ప్రోటోకాల్ రాసుకున్నారు. చివరికి 2015 మేలో వందో రాజ్యాంగ సవరణ పార్లమెంటు దాటింది.

ఆ జులైలో రెండు దేశాల ఉద్యోగులు కలిసి ఇంటింటికీ తిరిగారు. మా డ్యూటీ వాళ్ల వెంట. అడిగేది ఒకటే: ఏ దేశం కావాలి? మన వైపు ముక్కల్లో ఒక్కరు కూడా బంగ్లాదేశ్ వెళ్తామనలేదు. చాచాని అడిగినప్పుడు ఆయన ఉద్యోగిని ఎగాదిగా చూశాడు. "దిన్‌హాటా సంతకి తప్ప నేనెక్కడికీ పోలేదు. ఇప్పుడెక్కడికి పొమ్మంటావు బాబూ?"

అవతలి వైపు కథ వేరు. అక్కడి 111 ముక్కల్లో ముప్పై ఏడు వేల మందికి పైగా ఉంటే, ఇండియాకి వస్తామన్నది వెయ్యికి కాస్త తక్కువ.

ముక్కలు చేతులు మారే జులై 31 రాత్రి మశాల్‌డాంగాలో నిలబడే చోటు లేదు. నాలుగు రోజుల ముందే మాజీ రాష్ట్రపతి కలాం గారు పోయారు. దేశమంతా సంతాప దినాలు, మా క్యాంపులో జెండా సగానికి దించి ఉంది. ఊళ్లో మాత్రం 1947 నుంచి గడిచిన అరవై ఎనిమిదేళ్లకి గుర్తుగా 68 కొవ్వొత్తులు వెలిగించారు. పన్నెండు దాటగానే జెండా ఎగరేశారు. కుర్రాళ్లు జాతీయ గీతం ఎత్తుకున్నారు. కొందరికి మాటలు సరిగా రావు, అయినా గొంతు తగ్గించలేదు. నేను సెల్యూట్‌లో ఉన్నాను. పక్కన చాచా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, నన్ను చూసి తనూ నుదుటికి చెయ్యి ఆనించాడు.

నవంబరులో అవతలి వాళ్లు రావడం మొదలైంది. మంచాలు, బియ్యం బస్తాలు, కుట్టుమిషన్లు. ఆవుల్ని అమ్ముకుని వచ్చామన్నారు. ఒక అమ్మాయి మాత్రం గేటు దగ్గరే కూర్చుండిపోయింది. తను, భర్త ఇటు; అమ్మానాన్న అటు. ఇక మీదట పుట్టింటికి వెళ్లాలంటే పాస్‌పోర్టు, వీసా. ఆవిడకి నీళ్ల సీసా ఇచ్చాను, అంతకుమించి నా దగ్గర ఏముంది? వాళ్లని రేకుల షెడ్ల శిబిరాలకి తీసుకెళ్లారు. సంబరాల ఫొటోలు తీసిన విలేఖరుల్లో అక్కడికి వచ్చినవాళ్లు తక్కువ.

మరుసటి ఏడాది మేలో మశాల్‌డాంగా వాళ్లు మొదటిసారి ఓటేశారు. చాచా సిరా వేలు నాకు చూపించి, వెంటనే అసలు విషయంలోకి వచ్చాడు. "ఓటిచ్చారు, రేషన్ కార్డిచ్చారు. నా మూడు బిఘాలు నావేనని కాగితం ఎవరిస్తారు?" నేను కానిస్టేబుల్‌నని గుర్తుచేశాను. "అయితే మీ పై ఆఫీసర్ని అడుగు," అన్నాడు.

ఛిట్ భూములకి హక్కు ఇచ్చే బిల్లు రాష్ట్ర అసెంబ్లీలో 2018 నవంబరులో పాసైంది. అప్పటికి నేను రాజస్థాన్ బోర్డర్‌లో ఉన్నాను. వార్త చూసి ఫోన్ చేస్తే చాచా కొడుకు ఎత్తాడు. నాన్న పొలంలో ఉన్నాడు, అమీన్ కొలవడానికి వచ్చాడు, గట్టు దగ్గర పక్కవాడితో గొడవ పడుతున్నాడు, తర్వాత చెయ్యమన్నాడు.