తోడేలు పేరుగల పల్లె

యూరపు ఖండపు నడిబొడ్డున స్లొవాకియా అనే చిన్న దేశం వున్నది. ఆ దేశపు కొండల నడుమ, రుజోంబెరొక్ పట్టణానికి దాపున, సముద్రమట్టానికి 718 మీటర్ల ఎత్తున ఒక పల్లె వున్నది. పేరు వ్ల్కొలీనెత్స్. పలకడానికి మన నాలుక తిరగదు గాని అర్థం తేలికే. స్లొవాకు భాషలో 'వ్ల్క్' అంటే తోడేలు. చుట్టూ అడవి, ఆ పేరుకు వేరే వ్యాఖ్యానం అక్కరలేదు.

ఈ పల్లె 1376 నాటికే వ్రాతలకెక్కింది. ఇళ్లన్నీ కొయ్యవే. రాతి పునాదిమీద దుంగలను ఒకదానిపై ఒకటి పేర్చి, మూలల్లో ఒకదానిలో ఒకటి ఇమిడేటట్లు చెక్కి, సందులు మట్టితో మెత్తి, పైన సున్నమో నీలిరంగో పూస్తారు. కప్పుకు చెక్కపలకలు. ఇంటి సన్నని పక్కే వీధివైపు వుంటుంది. తక్కినదంతా లోపలికి పొడుగ్గా సాగిపోతుంది. వెనుక పశువుల కొట్టం, గడ్డికొట్టు. ఆపైన కొండవాలు మీదికి రిబ్బనుల్లాంటి సన్నని పొలాలు. తండ్రి భూమిని తరతరాలుగా బిడ్డలు పంచుకోగా పొలాలు అలా చీలికలయ్యాయి. పంపకాల సంగతి మనకు మాత్రం తెలియనిదా?

ఊరి నడుమ చిన్న వాగు పారుతుంది. 1770 నాటి కొయ్య గంటగోపురం, 1860 నాటి దుంగల బావి నేటికీ నిలిచివున్నాయి. సేద్యం, గొర్రెల పెంపకం, అడవిలో కలపకొట్టడం - ఒకప్పుడు ఇవే ఈ ఊరివారి జీవనాధారాలు.

1944లో స్లొవాకు జాతీయ తిరుగుబాటును అణచవచ్చిన జర్మను సేనలు ఊళ్లో కొన్ని ఇళ్లను తగులబెట్టాయి. మిగిలినవాటిని 1977లో ప్రభుత్వం రక్షితప్రాంతంగా ప్రకటించింది. 1993లో స్లొవాకియా స్వతంత్రదేశమైంది. ఆ యేడే యునెస్కో ఈ పల్లెను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

కీర్తి వచ్చింది, జనం మాత్రం తరిగిపోయారు. ఈనాడు అక్కడ స్థిరంగా కాపురముంటున్నవారు ఇంచుమించు ఇరవైమంది. చూడవచ్చే యాత్రికులు ఏటా వేలకు వేలు. వచ్చినవారు కిటికీల్లోంచి తొంగిచూస్తూంటే ఇంటివారికి కాపురం ఎలా సాగుతుంది?

దుంగ పుచ్చితే మార్చవచ్చు, కప్పు కారితే బాగుచేయవచ్చు. చట్టం అంతవరకు కాపాడగలదు. కాని కొండవాలున గడ్డి కోసే చేతులు లేకపోతే, పచ్చిక బయళ్లను మెల్లమెల్లగా అడవి ఆక్రమిస్తుంది. ఆరు శతాబ్దాలు అడవిని దూరంగా వుంచినది గోడలు కావు, కొడవలి పట్టిన రైతులు. ఇళ్లు నిలిస్తే ప్రదర్శనశాల మిగులుతుంది. పొయ్యి రాజితేనే పల్లె మిగులుతుంది.