తిరిగి వస్తానని రుజువేమిటి?

"ఎవరితో వెళ్తున్నావు? ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఎప్పుడు తిరిగొస్తావు?" డిగ్రీ చదివే రోజుల్లో సినిమాకి వెళ్ళాలన్నా మా ఇంట్లో ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చెప్పాల్సి వచ్చేది. పీహెచ్‌డీ చేసి, ముప్ఫై ఆరేళ్ళు వచ్చాక, పది రోజుల లండన్ ప్రయాణానికి వీసా దరఖాస్తు నింపుతుంటే మళ్ళీ అవే ప్రశ్నలు.

నా పరిశోధన స్త్రీల యాత్రా రచనల మీద. పోతం జానకమ్మ రాఘవయ్య ఇంగ్లండు యాత్ర పుస్తకం 1876లో మద్రాసులో అచ్చయింది. ఆమె చూసిన దేశాన్ని నా కళ్ళతో చూడాలన్నది ఎన్నాళ్ళ కోరికో. సెమినారు లేదు, ఆహ్వానం లేదు. ఊరికే చూసి రావడానికి. ఆడది "ఊరికే" వెళ్ళడం మన ఇళ్ళల్లోనే కాదు, వీసా ఆఫీసుల్లోనూ మింగుడుపడదు.

బ్రిటన్ విజిటర్ వీసా మీద మామూలుగా ఆరు నెలల దాకా ఉండొచ్చు. నాకు కావలసింది పది రోజులే. పెళ్ళయిందా, జీతమెంత, నెల ఖర్చెంత, ప్రయాణానికి డబ్బెవరిస్తున్నారు, అమ్మానాన్నలు ఎప్పుడు పుట్టారు - అన్నీ రాయాలి. గడువులోగా వెళ్ళిపోయే నిజమైన సందర్శకురాలినని అధికారిని నమ్మించే భారం నాదే. నమ్మించడానికి నా దగ్గరేముంది? ఏటేటా పొడిగించే కాంట్రాక్టు లెక్చరర్ ఉద్యోగం. నాన్న పోయాక ఇల్లు తమ్ముడి పేరు మీదికి మారింది. అమ్మా నేనూ సంతకాలు పెట్టాం. పెళ్ళి చేసుకోలేదు.

వీసా ఇవ్వలేదు. ప్రయాణం ముగిశాక తిరిగి వెళ్తానన్న నమ్మకం కలగలేదట. దీని మీద అప్పీలు హక్కు లేదు. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ దరఖాస్తు చేసుకోవాల్సిందే.

ఆ ఉత్తరాన్ని అమ్మకి తెలుగులో చెప్పాను. "నువ్వు రాకపోతే నా బీపీ మాత్రలు ఎవరు తెస్తారని రాయలేకపోయావా?" అంది. ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. నా మీద ఆధారపడినవాళ్ళ గడిలో అమ్మని చూపించాను, నెలకి ఎంత ఇస్తానో రాశాను. ఆమెకీ నాకూ మధ్య ఉన్నది ఆ అంకె ఒక్కటే అయినట్టు.

తమ్ముడి చేత స్పాన్సర్ లెటర్ పెట్టించమని అందరూ సలహా ఇచ్చారు. వాడి ఇంజనీరింగ్ ఫీజులు నా ఫెలోషిప్‌లోంచే కట్టాను. వాడు బెంగుళూరు నించి ఫోన్ చేసి, "అక్కా, ఎలా రాయాలో నువ్వే రాసి పంపు" అన్నాడు. "మా అక్క ప్రయాణ ఖర్చులు నేను భరిస్తాను" అన్న వాక్యం నేనే టైపు చేశాను. అన్నట్టే వాడు భరించాడు. నేను దాచుకున్న డబ్బు బ్యాంకులో అలాగే ఉండిపోయింది.

ఈసారి వీసా వచ్చింది. ఆ ఉత్తరం వల్లే వచ్చిందో కాదో ఎవరూ చెప్పరు.

విదేశాలకు వెళ్ళడం వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమని మన సుప్రీంకోర్టు 1967లోనే చెప్పింది. కానీ అది గడప దాటే హక్కు. అవతలి తలుపు తియ్యడం అవతలివాళ్ళ ఇష్టం. జానకమ్మ కాలానికి భారత పాస్‌పోర్టు చట్టమే లేదు, అది 1920లో వచ్చింది. అయినా ఆమె పేరులో రాఘవయ్య ఉన్నాడు. నా ఫైలులో తమ్ముడున్నాడు. థేమ్స్ ఒడ్డున నిలబడి ఉన్నంతసేపూ ఈ పోలికే నన్ను వదల్లేదు.

పదో రోజున శంషాబాద్‌లో దిగాను. తిరిగొచ్చినట్టు పాస్‌పోర్టులో ముద్ర పడింది. ఇంటికెళ్తే అమ్మ మాత్రలు అయిపోయి రెండ్రోజులైంది.

మళ్ళీ దరఖాస్తు చేస్తాను. ఈసారి తమ్ముడి ఉత్తరం పెట్టను. డబ్బు పోతే పోయింది.